జానెడు కన్నానికో జాబు

మహారాజశ్రీ భూతాప బోరుబావి గారి దివ్యసముఖానికి,

ఇక్కడ మేం క్షేమం. అక్కడ తమరి కేసింగు (లోపల తొడిగే ఉక్కుగొట్టం), సిమెంటు, వాల్వులు క్షేమమని తలుస్తాం.

సన్మానాలన్నీ భూమి లోపలి వేడికే జరుగుతున్నాయి. ఎండ కాయకపోయినా, గాలి వీయకపోయినా, రాత్రీ పగలూ కరెంటు ఇస్తుందని ఉపన్యాసాలు. నిజమే, మంచి ప్లాంటు ఏడాది పొడవునా తన సామర్థ్యంలో 80–90 శాతం ఇస్తుంది. కానీ ఆ వేడి ఎవరినీ ఏమీ అడగదు. అడిగేదంతా తమరే. లోతుకు దిగేకొద్దీ ఆ వేడి కిలోమీటరుకు సగటున 25–30 డిగ్రీలు పెరుగుతూ పోతుంది. రెండు మూడు కిలోమీటర్లు దిగేసరికి తమరి వెడల్పు ఎనిమిదిన్నర అంగుళాలకు చిక్కిపోతుంది. అంటే జానెడు. పాతాళం ఊళ్లోకి రావాలంటే ఆ జానెడు గుమ్మంలోంచే రావాలి. అందుకే ఈ జాబు తమరికి.

ముందు డబ్బు, తర్వాతే దర్శనం. అదీ తమరి పద్ధతి. ఊటనీళ్లలో సిలికా ఎంతుందో, సోడియం పొటాషియం ఏ పాళ్లలో ఉన్నాయో చూసి కింది వేడిని అంచనా కడతాం. నేలలోని విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను కొలిచే మాగ్నెటోటెల్యూరిక్ సర్వే చేసి బంకమట్టి పొర ఎక్కడ కప్పుకుని ఉందో గీస్తాం. ఇవన్నీ జాతకాలే. రాతిలో నీరు పారే పగుళ్లున్నాయా లేదా అన్నది తవ్వితేగానీ తెలీదు. వేడి ఉండి నీరు పారకపోతే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, కాకపోతే కాస్త వెచ్చటి ఎలుక. ఒక్కో లోతుబావికి లక్షల డాలర్లు సరిపోవు, మిలియన్లు కావాలి. ప్రాజెక్టు ఖర్చులో మూడోవంతు నుంచి సగం దాకా తమరికే నైవేద్యం. బ్యాంకులేమో ఆవిరి కళ్లజూశాకే గుమ్మం తొక్కుతాయి. పత్రికా ప్రకటనలకు ఆ పట్టింపు లేదు. ఆలూ లేదు చూలూ లేదు, ప్లాంటు పేరు వంద మెగావాట్లు.

ఇక తమరి వంటిమీద ఇనుపచొక్కా సంగతి. చమురుబావి కేసింగును చాలాసార్లు కింది భాగంలో సిమెంటు చేస్తే చాలు. తమరికి అడుగు నుంచి నేలమట్టం దాకా ఎక్కడా ఖాళీ లేకుండా నిండాలి. ఉక్కు వేడికి సాగుతుంది కదా: వెయ్యి మీటర్ల కేసింగు 200 డిగ్రీలు వేడెక్కితే, పట్టి ఉంచేవాళ్లు లేకపోతే రమారమి 2.4 మీటర్లు పెరిగి నిలబడుతుంది. వెల్‌హెడ్‌ను, అంటే బావి మూతిని, మనిషెత్తు దాటించి ఊరికి చూపిస్తుంది. పట్టి ఉంచేది సిమెంటే. రెండు కేసింగుల మధ్య సిమెంటులో నీటిబుడగ చిక్కుకుందా, అది వేడెక్కి, పోయేదారి లేక, లోపలి కేసింగును డబ్బా నొక్కినట్టు నొక్కేస్తుంది. పోనీ సిమెంటైనా మామూలుది కాదు. 110 డిగ్రీలు దాటితే పోర్ట్‌లాండ్ సిమెంటు రోజులు గడిచేకొద్దీ బలం తగ్గి, ద్రవాలు ఇంకేలా తయారవుతుంది. సిమెంటు బరువులో 35–40 శాతం సిలికా పిండి కలిపితేనే నిలుస్తుంది. అంతా అయ్యాక కూడా తమర్ని ఒక్కసారిగా తెరవకూడదు, మెల్లగా వేడెక్కనివ్వాలి. కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవు.

పగుళ్ల విషయంలో తమరి రెండు నాల్కల ధోరణి మరీ ముచ్చట. పై భాగంలో పగులు తగిలితే డ్రిల్లింగ్ మడ్డి (తవ్వేటప్పుడు లోపల తిప్పే బురద) మొత్తం అందులోకి పారిపోతుంది. తిరిగి పైకి రాదు, రాతిపొడి మోయదు, పైపు ఇరుక్కుంటుంది. ఆ తర్వాత పోసే సిమెంటూ అదే దారి పడుతుంది. దాన్ని పూడ్చడానికి నానా చెత్తా కుక్కుతాం. అదే పగులు కింద, ఉత్పత్తి జరిగే చోట తగిలితే మిఠాయిలు పంచుతాం. పైనుంటే దొంగ, కిందుంటే దేవుడు.

నీళ్లొచ్చాక రోగాలు మొదలు. పైకొస్తూ పీడనం తగ్గి నీరు మరిగే చోట కార్బన్ డయాక్సైడు లేచిపోతుంది, సరిగ్గా అక్కడే కాల్సైటు అనే సున్నపు ఖనిజం గోడలకు పేరుకుని తమరి గొంతు పూడుతుంది. మరుగు మొదలయ్యే మట్టానికి కిందిదాకా సన్నగొట్టం దింపి మందు పోస్తూనే ఉండాలి. గొట్టం పొట్టిదైతే మందు దండగ. సిలికాది ఇంకో గడుసుదనం: ఆవిరి తీసేశాక మిగిలిన నీరు చల్లబడితే గాజులాగా అంటుకుంటుంది, ముఖ్యంగా నీళ్లు వెనక్కి పంపే బావిలో. ఆసిడ్ వేస్తే ఆలస్యం చేస్తుంది, ఎక్కువ వేస్తే పైపును తింటుంది.

నీళ్లు వెనక్కి పంపడం మర్చిపోయిన చోట ఏమైందో కాలిఫోర్నియాలోని ది గీజర్స్ ఆవిరి క్షేత్రాన్ని అడగండి. తీసుకోవడమే తప్ప ఇవ్వడం తక్కువై 1980ల చివర్లో ఆవిరి పడిపోయింది. చివరికి ఊళ్ల మురుగునీటిని శుద్ధిచేసి పైపుల్లో తెచ్చి లోపలికి పోశారు. వేడి అలాగే ఉంది. దాహమే తీరలేదు.

తడి లేని రాతిని మేమే పగలగొట్టి నీరు పారిస్తామని బయల్దేరినప్పుడు తమరు గోళ్లు చూపించారు. 2006 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ 3.4 తీవ్రతతో కదిలింది, ప్రాజెక్టు ఆగింది. 2017లో దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 5.4, దానికి ఈ నీటి ఇంజెక్షనే పురికొల్పిందని 2019లో ప్రభుత్వ కమిటీ తేల్చింది. చిన్న కుదుపుకే పంపు తగ్గించాలన్న సిగ్నల్ లైట్ల పద్ధతి కాగితం మీద చక్కగా ఉంటుంది, కానీ పంపు ఆపాక వచ్చే కుదుపులకు ఏ లైటు వెయ్యాలి? చమురువాళ్ల దగ్గర అడ్డబావులు, డైమండ్ బిట్లు అరువు తెచ్చుకుని 2023లో ఫెర్వో కంపెనీ నెవాడాలో 30 రోజుల పరీక్షలో 3.5 మెగావాట్లకు సరిపడా వేడినీరు రాబట్టింది. మా ఆశ అక్కడే ఉంది. తమరి ధర దిగితేనే ఈ విద్య ఎక్కడైనా పారుతుంది.

తమరి పొట్టి తమ్ముడికీ రెండు ముక్కలు. నేలలోని వేడిని ఇంట్లోకి ఎక్కించే వంద మీటర్ల హీట్‌పంపు బోరు. ప్రపంచం వాడే శక్తిలో దాదాపు సగం వేడి రూపంలోనే కాబట్టి కరెంటు కన్నా అతని ఉద్యోగమే పెద్దది. మీటరుకు రమారమి 50 వాట్లు ఇస్తాడు, అదీ రాయిని బట్టి. చలికాలమంతా వేడి లాగి వేసవిలో తిరిగి నింపకపోతే ఏడాదికేడాది నేల చల్లబడి పంపు రొప్పుతుంది. బోరులో ఖాళీ నింపే గ్రౌటు సరిగ్గా దింపకపోతే? 2007లో జర్మనీలోని స్టౌఫెన్ పట్టణంలో తవ్విన బోర్ల గుండా నీరు ఆన్‌హైడ్రైటు అనే ఖనిజపు పొరలోకి చేరి, అది జిప్సంగా మారి ఉబ్బింది. టౌన్‌హాలు చుట్టుపక్కల నేల లేచి, వందల ఇళ్లు బీటలు వారాయి.

1904లో ఇటలీలోని లార్దెరెల్లోలో పియెరో జినోరి కోంతి భూమి ఆవిరితో అయిదు బల్బులు వెలిగించాడు. అప్పట్నుంచీ తమరి గుమ్మం ముందే ఉన్నాం. ప్రపంచ కరెంటులో తమరి వాటా ఇంకా ఒక్క శాతం లోపే. కెన్యాలో మాత్రం రమారమి 40 శాతం. అక్కడి రాయికేనా ఆ దయ?

ఇట్లు,
తమరి వెల్‌హెడ్ దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డ విధేయులు

తా.క.: 2009లో ఐస్‌లాండ్ క్రాఫ్లాలో నాలుగున్నర కిలోమీటర్లు దిగుదామని వస్తే, 2.1 కిలోమీటర్ల దగ్గరే మాటైనా చెప్పకుండా శిలాద్రవంలోకి దింపారు. 450 డిగ్రీల ఆవిరి, బ్రహ్మాండం. 2012లో పైనున్న వాల్వు పాడైంది, బావిని చల్లార్చి మూయాల్సి వచ్చింది. ఈసారి వాల్వు కొలతలు ముందే పంపగలరు.