బేరింగుల దగ్గర 14 ఏళ్లు

పవన్ గోయెంకా పేరు వస్తే మనవాళ్లు చెప్పుకునేది ఒక్కటే: డెట్రాయిట్ వదిలి ఇండియా వెళ్లి మహీంద్రాకు ఎండీ అయ్యారని. అంతకు ముందు ఆయన ఏం చేశారో ఎవరూ అడగరు. నాకు ముఖ్యమనిపించేది ఆ భాగమే.

ఐఐటీ కాన్పూర్‌లో మెకానికల్, కార్నెల్‌లో పీహెచ్‌డీ అయ్యాక 1979లో జనరల్ మోటార్స్ పరిశోధన కేంద్రంలో చేరారు. 14 ఏళ్లు అక్కడే. ఆయన పట్టుకున్న విషయం ఇంజిన్ బేరింగులు, అంటే తిరిగే ఇరుసును పట్టి ఉంచే భాగాలు. ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసుకీ (క్రాంక్‌షాఫ్ట్) బేరింగుకీ మధ్య వెంట్రుక కంటే పల్చటి ఆయిల్ పొర ఒకటి ఉంటుంది. సిలిండర్‌లో మంట రగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ దాని మీదే పడుతుంది. పొర తెగితే లోహానికి లోహం రాసుకుని ఇంజిన్ పట్టేసి ఆగిపోతుంది. ఆ పొర మందం లెక్కగట్టే పద్ధతులపై 1984లో ఆయన రాసిన పేపర్లను ఆ రంగంలో ఇప్పటికీ ఉదహరిస్తారు.

1993లో నాసిక్ వెళ్లి మహీంద్రా పరిశోధన విభాగంలో (ఆర్ అండ్ డీ) చేరారు. అప్పట్లో ఆ కంపెనీ అంటే జీపులూ ట్రాక్టర్లే. ఆయన ఆధ్వర్యంలో రూపొంది 2002లో వచ్చిన స్కార్పియో కారు తయారుచేయడానికి సుమారు 600 కోట్ల రూపాయలైంది. పెద్ద విదేశీ కంపెనీలు ఒక కొత్త మోడల్‌కు పెట్టే ఖర్చు ముందు అది చాలా తక్కువ. చాలా భాగాల డిజైన్‌ను సప్లయర్లకే అప్పగించడం వల్ల అంత కలిసొచ్చింది. అయితే వాళ్లు తెచ్చింది పనికొస్తుందో లేదో తేల్చాలంటే కంపెనీవాళ్లకు ఆ పని లోతు తెలియాలి. గోయెంకాకు ఆ లోతు ల్యాబ్‌లోనే వచ్చిందని నా నమ్మకం.

2021లో రిటైరయ్యాక, ప్రైవేటు అంతరిక్ష సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్‌కు చైర్మన్ అయ్యారు. మన హైదరాబాద్ స్కైరూట్ వాళ్ల విక్రమ్-ఎస్ రాకెట్ 2022 నవంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరింది ఆ సంస్థ అనుమతితోనే.

మరి ఇక్కడ అమెరికాలో మనం? ఇంజిన్లను పరీక్షించే టెస్ట్ సెల్‌లోనో, వాటి సెట్టింగులు సరిచేసే కాలిబ్రేషన్‌లోనో పదేళ్లుగా ఉన్న కుర్రాణ్ణి "ఇంకా అక్కడేనా?" అంటాం. ఉద్యోగంలో కుదురుకోకముందే ఎంబీఏ చెయ్, మేనేజర్ అవ్వు అని టెన్షన్ పెడతాం. పెళ్లి సంబంధాల్లో హోదా అడుగుతారు గానీ చేసే పని అడగరు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఇంటి అప్పూ పిల్లల చదువులూ ఉన్నప్పుడు జీతం చూడక తప్పదంటారు, ఒప్పుకుంటాను. జీతం కోసం మారితే తప్పు లేదు. హోదా లేదని మనిషిని చిన్నబుచ్చడమే తప్పు.

మన తెలుగు సంఘం వచ్చే మహాసభల కెరీర్ సెషన్‌లో ఒక గంటైనా ఏళ్ల తరబడి ఒకే పనిని పట్టుకుని ఉన్న మన ఇంజినీర్లకు ఇవ్వాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఎవర్ని పిలవాలో తెలియకపోతే అడగండి, పేర్లు నేనిస్తాను.