యాక్షన్ రీసెర్చ్ రికార్డు గారి సముఖమునకు

మహారాజశ్రీ బి.ఎడ్. యాక్షన్ రీసెర్చ్ రికార్డు గారికి, అనగా తరగతి గదిలో చేసిన పరిశోధనను బి.ఎడ్. విద్యార్థులు రాసి సమర్పించే పుస్తకం గారికి, ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పాఠాలు చెప్పుకొనే ఉపాధ్యాయుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు క్షేమంగానే ఉంటారని నాకు తెలుసు. ముదురు నీలం రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు, ప్రతి పుటకూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసిన అంచు, లోపల మూడు చోట్ల ముగ్గురి సంతకాలు: ఇంత బందోబస్తులో ఉన్న తమకు చెదపురుగు తప్ప మరొక శత్రువు ఉండే అవకాశం లేదు. ఏటా ఇంటర్న్‌షిప్ కోసం మా బడికి వచ్చే ఛాత్రోపాధ్యాయుల, అంటే శిక్షణలో ఉన్న ఉపాధ్యాయుల, చంకన తమరు కూడా వేంచేస్తారు, మెంటర్ టీచరుగా నేను ఒక సంతకం సమర్పించుకుంటాను, తమరు తిరిగి వెళ్లిపోతారు. ఇన్నేళ్లలో తమను మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివిన మనిషిని నేను చూడలేదు. వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, బయటినుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ పరీక్షకులు గారు సైతం తమ బరువును చేత్తో ఆని చూసి తృప్తిపడేవారే. ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయి, మరే పనీ తోచక, ఆ సాహసం నేను చేశాను. ఈ లేఖకు కారణం అదే.

తమ వంశం సామాన్యమైనది కాదు. 1946లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రాసిన వ్యాసంతో తమ పేరు పండితుల నోట పడింది. 1953 నాటికి కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో స్టీఫెన్ కోరీ తమను బడి గుమ్మం దాటించి లోపలికి తీసుకువచ్చాడు. తన తరగతిలో ఏం జరుగుతున్నదో ఉపాధ్యాయుడే గమనించాలి, ఒక మార్పు చేసి చూడాలి, ఫలితం రాసుకోవాలి, కుదరకపోతే మళ్లీ మార్చాలి అన్నదే తమ పుట్టుకకు మూలం. మన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బి.ఎడ్.ను రెండేళ్లకు పెంచి, అందులో 20 వారాలు బడిలోనే గడపాలని చెప్పినప్పుడు, ఈ గమనించే పనికి తీరిక దొరుకుతుందని నావంటి అమాయకులు సంబరపడ్డారు. అంతటి వంశంలో పుట్టిన తమరు చివరకు కాలేజీ పక్కన జిరాక్స్ షాపులో పెరగవలసి రావడం విధి విలాసం కాక మరేమిటి!

ఆ షాపు నేను చూశాను. గాజు బల్ల కింద గత బ్యాచీల రికార్డులు సబ్జెక్టుల వారీగా పేర్చి ఉంటాయి, “తెలుగా, సోషలా?” అని మాత్రమే అడుగుతాడు షాపతను. కాపీ కొట్టకుండా ఉండాలని తమను చేతితో రాయాలన్న నియమం పెట్టారు గదా, దానివల్ల జరిగిన మేలేమిటంటే, కాపీని పట్టుకొనే సాఫ్ట్‌వేరుకు తమరు ఎన్నటికీ దొరకరు. 10 శాతం దాకా పోలిక ఉంటే చూసీ చూడనట్టు వదిలేసే 2018 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) నిబంధనలను ఎవరైనా తమకు వర్తింపజేయబోతే, పోలిక లేని 10 శాతాన్ని చూపించడానికి తమరు మహా ఇబ్బంది పడేవారు.

నేను చదివిన రికార్డు పేరు “8వ తరగతి విద్యార్థుల రాతలో అక్షరదోషాలు: కారణాలు, నివారణ”. నమూనా 40 మంది అని ఉంది. మా 8వ తరగతిలో ఉన్నదే 27 మంది. ఆరో పుటలో మా ఊరి పేరు, పంతొమ్మిదో పుటలో మరో మండలంలోని ఊరి పేరు కనిపించాయి. ‘పరిశోధన’ అన్న మాటకు దీర్ఘం ఎగిరిపోయి ‘పరిశొధన’ అయింది. అదే బ్యాచీలోని మరొకరి రికార్డు తీసి చూస్తే అక్కడా అదే పుటలో, అదే వరుసలో దీర్ఘం లేదు. అక్షరదోషాల మీద రికార్డులో అక్షరదోషం కూడా తరతరాల ఆస్తిలా సంక్రమించిందన్న మాట. దోషాలకు కారణాలుగా తల్లిదండ్రుల నిరక్షరాస్యత, సెల్‌ఫోను, అభ్యాసలోపం పేర్కొన్నారు. ఆధార గ్రంథాల పట్టికలో చివరిది ‘గూగుల్’. మొదటి పుటలో మాత్రం ఇది పూర్తిగా తన స్వంత కృషి అనే ధ్రువీకరణ ఉంది, అదీ ఎక్కడినుంచో ఎత్తి రాసినదే.

ఇవన్నీ నవ్వుకొని వదిలేసేవాణ్ణే. పరిమితులు అనే శీర్షిక కింద, “నమూనాలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలు ఎవరూ లేరు” అన్న వాక్యం దగ్గర నా నవ్వు ఆగింది. ఎందుకంటే ఆ తరగతిలో మూడో బెంచీ చివర కూర్చొనే పిల్లవాడొకడున్నాడు. బోర్డు మీద ‘కథ’ అని రాస్తే వాడి నోటుబుక్కులో ‘కధ’ అవుతుంది. తెలుగునాట సగం మంది పెద్దలకే ఆ చుక్క లెక్కలేదు గనుక, వాడి తప్పు కూడా ఆ గుంపులో కలిసిపోయింది. వాడికి చూపు తక్కువని మాకు చాలాకాలం తెలియలేదు. వికలాంగుల హక్కుల కోసం తెచ్చిన 1995 నాటి చట్టం 7 వైకల్యాలను, 2016 నాటి చట్టం 21 వైకల్యాలను లెక్కించాయి. మందదృష్టి రెండింటిలోనూ ఉంది. చట్టం కంటికి ఆనిన పిల్లవాడు తమ నమూనాకు ఆనలేదు.

1974లో కేంద్ర ప్రభుత్వం వికలాంగ బాలల కోసం ఏకీకృత విద్యా పథకం మొదలుపెట్టింది. అదే సంవత్సరం అమెరికాలో పాల్ జుర్కోవ్‌స్కీ ‘సమాచార అక్షరాస్యత’ అనే మాటను వాడుకలోకి తెచ్చాడు. ఆ ఒకే ఏటి బిడ్డలిద్దరినీ తమరు ‘సూచనలు’ అనే అధ్యాయంలో పక్కపక్కన కూర్చోబెట్టారు: ఉపాధ్యాయులు సహిత విద్యను (ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు అందరితో కలిపి చదువు చెప్పుటను) ప్రోత్సహించవలెను, విద్యార్థులకు సమాచారాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించుట నేర్పవలెను. తన రికార్డులోని అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడగనవసరం లేకుండా పట్టా పుచ్చుకున్న మనిషి, రేపు వాట్సాప్‌లో వచ్చిన సందేశాన్ని పట్టుకొని ఇది ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు అని అడగడం పిల్లలకు ఎలా నేర్పాలో ఆ అధ్యాయంలో లేదు.

ఇంతకూ ఆ రికార్డు రాసిన అమ్మాయి సోమరి కాదు. ఇంటర్న్‌షిప్ మూడో వారంలో ఆమె రఫ్ నోటుబుక్కు కాగితం ఒకటి నాకు చూపించింది. డిక్టేషన్ చెప్పినప్పుడు పదిహేను మాటలకు పదమూడు సరిగా రాసిన పిల్లవాడు, అవే మాటలు బోర్డు చూసి రాసినప్పుడు ఆరే సరిగా రాశాడని, మొదటి బెంచీకి మార్చి పెద్ద అక్షరాలతో రాస్తే పదకొండుకు వచ్చాడని, తేదీలు వేసి మరీ అందులో రాసుకుంది. ఆ కాగితం చూసి ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి కబురు పెడితే, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయురాలు, ఐఈఆర్పీ మేడం వచ్చి పిల్లవాణ్ణి కంటి పరీక్షకు తీసుకువెళ్లారు. ఇదే రాసి సమర్పించమ్మా అన్నాను. నమూనా ఒక్కరే అయితే సగటు ఎలా కడతావని, ఇది ఫార్మాట్‌లో లేదని కాలేజీలో అన్నారట. ఆమె జిరాక్స్ షాపుకు వెళ్లింది. ‘అత్యుత్తమం’ అనే మాటతో తమరు తిరిగి వచ్చారు.

ఆ కాగితం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఈ ఉత్తరంతోపాటు తమ లోపల పెట్టి పంపుదామని ప్రయత్నించాను గానీ, అంత బిగువైన బైండింగులో రఫ్ కాగితం నిలవలేదు. తమను ఎత్తిన ప్రతిసారీ జారి కింద పడుతోంది.

ఇట్లు,
తమ 43వ పుటలో చదవకుండా సంతకం పెట్టిన
మెంటర్ టీచరు