నయీం పోయాడు సరే, పెంచినవాళ్ల సంగతేంటి?

షాద్‌నగర్ మిలీనియం టౌన్‌షిప్‌లో 2016 ఆగస్టు 8 పొద్దున మాజీ నక్సలైట్, గ్యాంగ్‌స్టర్ నయీం పోలీసు కాల్పుల్లో చచ్చిపోయాడని తెలియగానే భువనగిరి చుట్టుపక్కల హమ్మయ్య అనుకున్నవాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఉన్న ఎకరం అమ్ముకుందామన్నా, రోడ్డు పక్కన ఓ ప్లాటు కొనుక్కుందామన్నా 'భాయ్ మాట్లాడతాడట' అంటూ ఎక్కడ ఫోన్ వస్తుందోనని ఏళ్ల తరబడి టెన్షన్‌తో బతికినవాళ్లు వాళ్లు. వాళ్ల సంతోషం వాళ్లది. పోలీసు శాఖ కూడా అదే సంతోషాన్ని మొహానికి పులుముకుని, ఇన్నాళ్లూ కంటి మీద కునుకు లేకుండా వాణ్ని వెంటాడినట్టు మాట్లాడుతుంటేనే మాకు ఒళ్లు మండుతోంది. జనానికి నయీం మొదటినుంచీ పీడే. పోలీసులకు ఎప్పటినుంచి పీడ అయ్యాడు, అంతకుముందు ఏమయ్యేవాడు?

1993 జనవరి 27న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జాగింగ్ చేస్తున్న ఐపీఎస్ అధికారి వ్యాస్‌ను నక్సలైట్లు కాల్చి చంపారు. ఆ కేసులో నయీం నిందితుడు. వ్యాస్ అంటే నక్సలైట్లను అణచడానికి పెట్టిన పోలీసు దళం గ్రేహౌండ్స్‌కు ప్రాణం పోసిన మనిషి, ఇప్పుడు అదే గ్రేహౌండ్స్ నయీంను మట్టుబెట్టింది కాబట్టి లెక్క సరిపోయిందనుకోవచ్చు, వినడానికి బాగానే ఉంటుంది. కానీ మధ్యలో 23 ఏళ్లు ఉన్నాయి కదా. తమ అధికారిని చంపిన కేసులో నిందితుణ్ని చేరదీసి, కోవర్టుగా, అంటే పోలీసుల రహస్య మనిషిగా మార్చి, ముందు అడవిలో ఉన్న అన్నల మీదికి, ఆ తర్వాత ఊళ్లో నోరెత్తినవాళ్ల మీదికి ఉసిగొల్పారన్న ఆరోపణ ఈ రోజుది కాదు. వ్యాస్ ఫొటోకు ఏటా దండ వేసిన శాఖే ఈ పని చేసి ఉంటే దాన్ని ఏమనాలో ఆ శాఖ పెద్దలే చెప్పాలి.

భువనగిరిలో పాటలు పాడుకుంటూ తెలంగాణ గురించి తిరిగిన బెల్లి లలితను 1999లో 17 ముక్కలు చేశారు. హక్కుల నాయకులు పురుషోత్తంను 2000లో, ఆజం అలీని ఆ మరుసటి ఏడాది నరికి చంపారు. కోబ్రాలట, గ్రీన్ టైగర్లట, రోజుకో పేరుతో ప్రకటనలు వచ్చేవి. ఆ పేర్ల వెనకున్నది లొంగిపోయిన నక్సలైట్ల ముఠాలనీ, వాటి వెనకున్నది పోలీసులనీ హక్కుల సంఘాలు గొంతు చించుకుంటే 'నక్సలైట్ల సానుభూతిపరులు అలాగే అంటారు' అని కొట్టిపారేశారు. 2011లో మాజీ మావోయిస్టు నేత సాంబశివుడు, 2014లో ఆయన తమ్ముడు రాములు హత్యకు గురైనప్పుడూ వినబడిన పేరు నయీందే. గుజరాత్‌లో బూటకపు ఎన్‌కౌంటర్ అని ఆరోపణలొచ్చిన సొహ్రబుద్దీన్ వ్యవహారంలోనూ ఆ పేరు నలిగింది. ఇన్ని చోట్ల వినబడిన మనిషి పోలీసులకు మాత్రం కనబడలేదు! హైదరాబాద్‌లో తెలుగుదేశం పోయి కాంగ్రెస్ వచ్చింది, రాష్ట్రమే రెండయింది, టీఆర్‌ఎస్ వచ్చింది, అయినా కనబడలేదు.

రికార్డుల్లో అతను పరారీలో ఉన్న నిందితుడు. ఇప్పుడు సోదాలు చేస్తే తేలిందేంటి? నగర శివారులో ఇల్లు, ఇంటినిండా నోట్ల కట్టలు, వాటిని లెక్కబెట్టే మెషీన్లు, తుపాకులు, సంచుల కొద్దీ భూముల కాగితాలు. భూమి రిజిస్ట్రేషన్ అడవిలో చెట్టు కింద జరగదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సాక్షి సంతకాలు పడాలి, స్టాంపు పడాలి. ఆ కాగితాల మీద ఎవరి పేర్లున్నాయి, బెదిరింపులపై ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషన్‌కు వెళ్లినవాళ్లను 'ఎందుకొచ్చిన గొడవ, ఎంతోకొంతకి సెటిల్ చేసుకో' అని వెనక్కి పంపింది ఎవరు? అధికార పార్టీ ఎమ్మెల్యేకే బెదిరింపులు వెళ్లాక గానీ యంత్రాంగం కదలలేదని వార్తలొస్తున్నాయి. అదే నిజమైతే సామాన్యుడి ఫిర్యాదుకు ఈ రాష్ట్రంలో కట్టిన విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

నక్సల్ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో ఇన్ఫార్మర్లు లేకుండా పోలీసు పని సాగదని, లొంగిపోయినవాళ్లను వాడుకోవడం ప్రపంచమంతటా ఉన్నదేనని కొందరు మాజీ అధికారులు అంటారు. నిజమే, సమాచారం ఇచ్చేవాడు కావాలి. సమాచారానికి జీతంగా ఒక జిల్లాను రాసివ్వమని ఏ పోలీసు మాన్యువల్ చెప్పింది? తుపాకీ చేతికిచ్చినవాడిది బాధ్యత కాదా? పాముకు పాలు పోసినవాళ్లే ఇప్పుడు పామును చంపామని పతకాలకు క్యూ కట్టేలా ఉన్నారు.

నయీం ప్రాణాలతో పట్టుబడి ఉంటే కోర్టు బోనెక్కేవాడు. ఎవరెవరు ఫోన్ చేశారో, ఎవరి వాటా ఎంతో, ఏ హత్య ఎవరి కోసమో చెప్పే అవకాశం ఒకటి ఉండేది. చెప్పేవాడో లేదో వేరే సంగతి, ఇప్పుడు ఆ అవకాశమే లేదు. ఎదురుకాల్పులని పోలీసులు చెబుతున్నారు. అయి ఉండొచ్చు, తేల్చాల్సింది మాత్రం వాళ్లు కాదు. సరిగ్గా నెల ముందు, జులై 8న, మణిపూర్ ఎన్‌కౌంటర్ల కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయం నిక్కచ్చిగా చెప్పింది, చచ్చినవాడు ఉగ్రవాది అయినా సరే బలప్రయోగం మితిమీరిందన్న ఆరోపణ వస్తే విచారణ జరగాల్సిందేనని. ఎన్‌కౌంటర్ మరణాలపై స్వతంత్ర దర్యాప్తు ఉండాలని 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వం చేసిందేమిటి? ఐజీ నాగిరెడ్డి నాయకత్వంలో ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేసింది. ఆ అధికారి నిజాయితీ మీద మాకు అనుమానం లేదు. కానీ రేపు ఆయన తలుపు తట్టాల్సింది ఎవరి ఇంటిది? తన పై అధికారులుగా పనిచేసినవాళ్లదీ, తన బ్యాచ్‌వాళ్లదీ కావచ్చు. పోలీసులు పెంచిన మనిషిని పోలీసులే చంపారు, ఎవరు పెంచారో కూడా పోలీసులే తేలుస్తారట.

సిట్ అంటే మనకు తెలియనిది కాదు. 2015 ఏప్రిల్‌లో అప్పటి ఇదే నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గర పోలీసు వ్యానులో, చేతులకు బేడీలతో, ఐదుగురు విచారణ ఖైదీలు చచ్చిపోతే దాని మీదా సిట్టే వేశారు. అది ఏం తేల్చిందో జనానికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నయీం సిట్‌కూ అదే గతి పట్టదని భరోసా ఏమిటి? ప్రతిపక్షాలు సీబీఐ అంటున్నాయి. వాళ్ల హయాముల్లోనే వీడు ఎదిగాడన్న సంగతి మరిచిపోయి అడుగుతున్నా, అడిగింది మాత్రం సబబే. సీబీఐకి ఇస్తారో, హైకోర్టు జడ్జి పర్యవేక్షణలో చేయిస్తారో, అది పోలీసు భవనం దాటి బయటికి రావాలి. లాక్కున్న భూములు తిరిగి అసలు యజమానుల పేరుకు ఎప్పుడు మారతాయో, దానికి తేదీ కావాలి.

నయీం డైరీలు దొరికాయని పోలీసులు లీకులిస్తున్నారు. రోజుకో పేరు బయటికొస్తుంది, మర్నాటికి మాయమవుతుంది. గిట్టనివాళ్ల పేరు పత్రికలకు వదిలి కావాల్సినవాళ్ల పేరు జేబులో దాచుకునే ఆట ఇది, అందులో మా చేత కూడా ఆడించాలని చూస్తున్నారు. నోట్ల కట్టలు కెమెరాల ముందు వరసగా పేర్చి చూపించడానికి మీకు మొహమాటం లేకపోయింది. మరి ఆ డైరీలు కోర్టులో పెట్టమంటే నీళ్లు నములుతారెందుకు?