ట్రామ్‌ను కాపాడాలంటే ముందు ఆపెయ్యాలి

నగరాలను ఏలినవాళ్ల మీద ఒక నింద ఏళ్ల తరబడి నడుస్తోంది. శుభ్రంగా తిరుగుతున్న ట్రామ్‌లను బుద్ధిలేక ఆపేశారని, పట్టాలు పీకి పాత ఇనుము కింద అమ్ముకున్నారని, వీధుల కళ పోగొట్టారని. ఈ నింద వేసేవాళ్లలో అందరికంటే ముందుండేది ట్రామ్ అభిమానులు. పాత ఫొటోలు ఒకరికొకరు పంపుకుంటూ, ఒక్కో ఫొటోకు ఒక్కో నిట్టూర్పు జతచేస్తూ, మూసివేత కాగితం మీద సంతకం పెట్టినవాళ్లను తిట్టిపోస్తుంటారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఆ సంతకమే పడకపోతే ఈ ఫొటోలకు విలువెక్కడిది? అసలు ఆ నిట్టూర్పు ఎక్కడిది?

గ్లాస్గో సంగతి చూడండి. 1962 సెప్టెంబర్ 4న అక్కడ ట్రామ్‌ల చివరి ఊరేగింపు జరిగింది. ఒకటే వర్షం. అయినా దాదాపు రెండున్నర లక్షల మంది రోడ్లకు రెండువైపులా తడుస్తూ నిలబడ్డారు. చాలామంది పట్టాల మీద నాణేలు పెట్టి, చక్రాల కింద నలిగి వంకర తిరిగాక ఏరుకుని జేబులో వేసుకున్నారు. ఆ నాణేన్నే నాలుగేళ్లు ముందుగా కండక్టర్ చేతిలో పెట్టి ఉంటే ట్రామ్ ఆగేది కాదేమో అని కొందరు అమాయకులు అడుగుతారు. వాళ్లకు లెక్కలు రావు. కండక్టర్‌కిస్తే చేతికొచ్చేది టికెట్, అది ఆ సాయంత్రానికే చెత్తబుట్టలో ఉంటుంది. పట్టా మీద పెడితే వచ్చేది జ్ఞాపకం, అది మనవల దాకా ఉంటుంది. ఏది లాభం?

లండన్ వాళ్లు ఇంకా ముందుచూపు ఉన్నవాళ్లు. 1952 జూలైలో ట్రామ్‌లు ఆపే ముందు ఆఖరి వారానికని ప్రత్యేకంగా టికెట్లే అచ్చు వేయించారు. చివరి ట్రామ్ జనం తాకిడికి ఆలస్యమై, జూలై 6 తెల్లవారుజామున గానీ డిపో చేరలేకపోయింది. ఆ తర్వాత చార్ల్‌టన్ దగ్గర ఒక యార్డులో పాత ట్రామ్‌లను వరసబెట్టి తగలబెట్టారు. ఆ మంటల ఫొటోలు కూడా నేటికీ చేతులు మారుతున్నాయి, చూసి గుండె బరువెక్కిందంటూనే ఇంకొంచెం క్లియర్ కాపీ ఉందా అని అడిగేవాళ్లున్నారు. ఫెల్థమ్ రకం ట్రామ్‌లకు మాత్రం మహర్దశ పట్టింది. దాదాపు 90 బళ్లను లీడ్స్ నగరం కొనుక్కుంది. 1959లో లీడ్స్ కూడా ట్రామ్‌లు మూసేసింది. లండన్‌లో ఒక వీడ్కోలు, లీడ్స్‌లో ఇంకో వీడ్కోలు! ఎంతమందికి దక్కుతుంది ఆ అదృష్టం?

ఇవన్నీ పాత ముచ్చట్లు అనుకోవద్దు. కోల్‌కతాలో ట్రామ్ మొదటిసారి కదిలింది 1873లో. ఈ మధ్య కొన్నేళ్లుగా ఒక్కొక్క రూటే మూతపడుతూ వచ్చింది, లోకం పెద్దగా కంగారు పడలేదు. 2024 సెప్టెంబర్‌లో ఎస్ప్లనేడ్, మైదాన్ మధ్య హెరిటేజ్ రూటు తప్ప మిగతావన్నీ ఆపేస్తామని ప్రభుత్వం అన్నదో లేదో, ఎక్కడెక్కడి కెమెరాలూ బయటికొచ్చాయి. ఎప్పుడో తాతగారితో కిటికీ పక్క సీట్లో కూర్చున్న సంగతి అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఒక్క ప్రకటనతో ఇంత ప్రేమను పైకి తేగలిగిన సర్కారు పథకం ఇంకోటి చూపించమనండి.

ఇక ఫొటోల విషయానికొద్దాం. ఇది పిల్లలాట కాదు. దీనికో శాస్త్రం ఉంది, ఆ శాస్త్రంలో మొదటి సూత్రం: ప్రయాణికుడు ట్రామ్‌కు శత్రువు.

సరైన ట్రామ్ ఫొటోలో బండి ముందుభాగం, ఒక పక్క పూర్తిగా కనపడాలి. రెండింటి మీదా ఎండ పడాలి. రూటు బోర్డు చదవగలిగేలా, బండి నంబరు స్పష్టంగా ఉండాలి. కింద చక్రాలకు ఏదీ అడ్డు రాకూడదు. నెత్తిన వీధి దీపం స్తంభం మొలిచినట్టు ఉండకూడదు. ఇన్నీ కుదిరి, వేలు షట్టర్ మీద పడే క్షణాన ఎక్కడినుంచో ఒకాయన సంచీ పట్టుకుని ఫ్రేములోకి పరిగెత్తుకొస్తాడు. కారణం అడిగితే ట్రామ్ ఎక్కాలట! ఇలాంటి స్వార్థపరుల వల్ల ఎన్ని మంచి ఫొటోలు నాశనమయ్యాయో లెక్కలేదు. కొత్త ట్రామ్‌లతో ఇంకో తలనొప్పి. వాటి రూటు బోర్డులు ఎల్‌ఈడీవి. షట్టర్ వేగం పెంచితే సగం అక్షరాలే పడతాయి, తగ్గిస్తే కదిలే బండి మసకబారుతుంది. ట్రామ్ కాసేపు ఆగితే ఈ బాధ ఉండదు. శాశ్వతంగా ఆగితే ఇంకా నయం.

పాత ఫొటో ఒకటి బయటపడితే జరిగే పరిశోధన చూసి తీరాలి. నలుపు తెలుపుల్లో, ఒక మూల చిరిగిన ఫొటో అనుకోండి. చివరి స్టాపు. కండక్టర్ తాడు పట్టుకుని ట్రాలీ పోల్‌ను, అంటే తీగ నుంచి కరెంటు అందుకునే బండి నెత్తిమీది కడ్డీని, వెనక్కి తిప్పుతున్నాడు. మెడ పైకెత్తి, కళ్లు చికిలించి, పోల్ కొసనున్న చిన్న చక్రాన్ని సరిగ్గా కరెంటు తీగ కిందకు తేవాలని చూస్తున్నాడు. తప్పితే మళ్లీ మొదటికి. మెట్టు మీద ఒక ఆవిడ చంకలో బిడ్డతో నిలబడి ఉంది. రెండో చేత్తో కమ్మీ పట్టుకుంది. మొహంలో అలసట తెలిసిపోతోంది.

ఈ ఫొటో మీద పెద్దల చర్చ మొదలవుతుంది. కింద ఉన్న ట్రక్కు, అంటే చక్రాలు బిగించిన చట్రం, బ్రిల్ 21ఈ రకమా, పెక్‌హామ్ రకమా? కిటికీలు ఎన్ని? మధ్య కిటికీ మిగతావాటికంటే వెడల్పా? వెనక గోడ మీది సబ్బు ప్రకటన ఏ సంవత్సరంది? బండి రంగు ఎరుపా, ఆకుపచ్చా? రంగు దగ్గర స్నేహాలు తెగిపోయేంత గొడవ అవుతుంది. అప్పుడొక పెద్దాయన గొంతు సవరించుకుని, ఆ కాలపు ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనపడదు, ఎర్రటిదేదైనా నల్లగా పడుతుంది, కాబట్టి ఈ నల్లటి బండి నిజానికి ఎర్రది అని తీర్పు ఇస్తాడు. అందరూ తలలు వంచుతారు. (ఆ తీర్పు శాస్త్రప్రకారం సరైనదే, అదే అసలు బాధ. వీళ్లకు నిజంగానే తెలుసు.) బిడ్డతో నిలబడ్డ ఆవిడ గురించి వచ్చే మాట ఒక్కటే: ఆవిడ కొంచెం పక్కకు జరిగి ఉంటే బండి నంబరులో చివరి అంకె కూడా కనపడేది.

జ్ఞాపకాల విభాగం ఇంతకంటే ఘనమైనది. లండన్ ఇంకా గుర్రాలతో ట్రామ్‌లు లాగిస్తున్న రోజుల్లో, 1895లోనే, మద్రాసులో కరెంటు ట్రామ్ తిరిగింది. 1953లో ఆగిపోయింది. బొంబాయిలో 1964 దాకా నడిచింది. ఈ తేదీలను బట్టి చూస్తే, గుర్తుపెట్టుకోగల వయసులో ఎక్కినవాళ్లు ఇవాళ ఎంత పెద్దవాళ్లై ఉండాలో ఎవరైనా లెక్కేసుకోవచ్చు. కానీ జ్ఞాపకాలున్నవాళ్లలో సగంమంది జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఎక్కనివాడి జ్ఞాపకంలో ఉండే స్పష్టత ఎక్కినవాడికి రాదు మరి. ఎక్కినవాడికి చెమట, తోపులాట, కాళ్లు తొక్కించుకోవడం అడ్డొస్తాయి. ఎక్కనివాడికి గంట చప్పుడు, మలుపులో చక్రాలు చేసే కీచుమనే మోత మాత్రమే వినిపిస్తాయి.

ఈ మధురస్మృతుల్లో వాన ఎప్పుడూ కిటికీకి అవతలే కురుస్తుంది. లండన్ ట్రామ్‌లకు చాలాకాలం డ్రైవర్ ముందు అద్దమే ఉండేది కాదు, పోలీసులు ఒప్పుకోలేదు. చలికాలంలో, ముసురులో ఆ మనిషి నిలబడే బండి నడిపేవాడు. అతను రాసుకున్న మధురస్మృతులు మాత్రం ఎవరి ఆల్బమ్‌లోనూ తగలవు. బార్సిలోనాలో 1926లో గౌడీ అంతటి వాస్తుశిల్పిని ట్రామ్ ఢీకొట్టింది. మాసిన బట్టలు చూసి బిచ్చగాడనుకుని మొదట ఎవరూ సరిగా పట్టించుకోలేదు. 1954లో కోల్‌కతాలో కవి జీవనానంద దాస్ ట్రామ్ కింద పడి, ఆ దెబ్బలతోనే కన్నుమూశారు. నిజమైన అభిమానికి ఇలాంటివి చెబితే ఒక నిమిషం మౌనం పాటించి, ‘పాపం... ఇంతకీ అది ఏ రూటు బండి?’ అంటాడు.

ట్రామ్‌లు ఎందుకు ఆగాయనే ప్రశ్నకు కూడా అందమైన జవాబే కావాలి. బ్రిటన్‌లో 1870 నాటి చట్టం ప్రకారం పట్టాల మధ్యనున్న రోడ్డునూ, పట్టాలకు అటూ ఇటూ 18 అంగుళాల మేర రోడ్డునూ ట్రామ్ సంస్థే బాగుచేయాలి. ఆ తర్వాత వచ్చిన బస్సు అదే రోడ్డు మీద ఆ బరువేమీ లేకుండా తిరిగింది. అరిగిన పట్టాలు మార్చడానికి డబ్బు లేదు. కార్లు పెరిగాయి, నడిరోడ్డు మీద జనాన్ని ఎక్కించుకునే ట్రామ్ వెనక హారన్లు మొదలయ్యాయి. ఇదంతా చప్పగా ఉంటుంది, ఫొటోలో పడదు. అందుకే అమెరికా కథ అందరికీ ఇష్టం. అక్కడొక పెద్ద కార్ల కంపెనీ కుట్ర పన్ని ట్రామ్‌లను మింగేసిందని చెప్పుకుంటారు. 1949లో కేసు తేలింది కూడా. జనరల్ మోటార్స్‌కు 5,000 డాలర్ల జరిమానా, ఆ కంపెనీ కోశాధికారికి అక్షరాలా 1 డాలర్. అయితే నేరం రుజువైంది సిటీ సర్వీసులు నడిపే కంపెనీలకు బస్సులు, ఇతర సరుకులు అమ్మడంలో గుత్తాధిపత్యం గురించి, ట్రామ్‌లు పీకెయ్యడం గురించి కాదు. అంత చిన్న తేడా నిట్టూర్పుకు అడ్డురాదు లెండి. ఒక్క డాలరుకు ఇన్ని తరాలకు సరిపడా విషాదం దొరికింది. ఇంత చవగ్గా ఇంకెక్కడ వస్తుంది?

ఈ గొప్ప సంప్రదాయానికి అడ్డుపడ్డ నగరాలూ కొన్ని లేకపోలేదు. అందులో మెల్‌బోర్న్‌ది క్షమించరాని నేరం. చుట్టూ నగరాలన్నీ ట్రామ్‌లు వదిలించుకుంటున్న కాలంలో అక్కడ ట్రామ్ బోర్డు అధ్యక్షుడు రిసన్ పట్టాలను కాంక్రీటులో పాతించేశాడు. రేపెవరైనా పీకుదామన్నా ఖర్చుకు జడిసి మానుకోవాలని. ఫలితం ఏమైంది? దాదాపు 250 కిలోమీటర్ల ట్రామ్ మార్గాలు, ప్రపంచంలోనే అతిపెద్దవి, ఇప్పటికీ నడుస్తున్నాయి. ఆ ఊరివాళ్లను ట్రామ్ గురించి అడిగి చూడండి. ‘పొద్దున లేటైంది’ అంటారు. అంతే! నూరేళ్ల చరిత్ర పెట్టుకుని వాళ్లకు దక్కిన జ్ఞాపకం పొద్దుటి ఆలస్యం. మిలాన్ ఇంకా దారుణం. 1928 నాటి ట్రామ్‌లను మ్యూజియంలో పెట్టకుండా, ఆఫీసులకెళ్లే జనాన్ని ఎక్కించుకుని రోజూ తిప్పుతోంది. చెక్క బెంచీ మీద కూర్చున్నవాడు ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. వాడికి పక్కనున్న ఇత్తడి సామాను విలువ ఎవరు చెప్పాలి?

మూసేసి, తర్వాత మనసు మార్చుకున్న నగరాలది ఇంకోరకం తప్పు. నాంట్ 1985లో, పారిస్ 1992లో, షెఫీల్డ్ 1994లో, సిడ్నీ 1997లో ట్రామ్‌లను మళ్లీ తెచ్చుకున్నాయి. ఎన్నాళ్లుగానో కోరుకున్నది జరిగింది కదా, అభిమానులు ఎగిరి గంతేశారా? లేదు. కొత్త ట్రామ్‌కు ప్రాణం లేదన్నారు. మెట్లు లేకుండా నేరుగా లోపలికి నడవొచ్చు, చక్రాల కుర్చీ కూడా ఎక్కుతుంది, చప్పుడు లేదు, కొన్నిచోట్ల పట్టాల మధ్య పచ్చగడ్డి. ఇన్ని లోపాలున్నదాన్ని ఎలా ప్రేమిస్తారు? వాళ్ల మాటలో న్యాయముంది. ప్రాణం అనేది ట్రామ్‌కు పుట్టుకతో వచ్చేది కాదు, మూసివేత ఉత్తర్వుతో వస్తుంది. ఈ కొత్త బళ్లకూ ఆ యోగం ఏదో ఒకనాడు పడుతుంది.

లిస్బన్ మధ్యేమార్గం కనిపెట్టింది. అక్కడ 28వ నంబరు రూటులో చిన్న పసుపు ట్రామ్‌లు కొండదారుల్లో తిరుగుతాయి. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు వాటిని కిక్కిరిసిపోయేలా ఎక్కేస్తుంటే, ఆ వీధుల్లో ఉండే ముసలివాళ్లు స్టాపులో నిలబడి బండి వెనక బండి పోవడం చూస్తుంటారు. ట్రామ్ నడుస్తూనే ఉంది, ఎక్కాల్సినవాళ్లకు ఆగిపోయింది. పాలనాపరంగా ఇది చాలా తెలివైన ఏర్పాటు.

అందుకని నా ప్రతిపాదన ఇది. ట్రామ్‌లున్న ప్రతి నగరం ఏటా ఒక చివరి రోజు ప్రకటించాలి. ఆ రోజు అచ్చు వేసిన టికెట్లు, బండి ముందు పూలదండ, ఒక వృద్ధ డ్రైవర్ కంటనీరు, సూర్యుడు సరైన కోణంలో ఉన్న సమయానికే ఊరేగింపు. ప్రయాణికులను తాళ్లు కట్టి అవతలే ఆపాలి. మర్నాడు సాంకేతిక కారణాల వల్ల మూసివేత వాయిదా పడిందని చెప్పి, మళ్లీ ఏడాది దాకా బళ్లను ఖాళీగా తిప్పుకోవచ్చు.

ట్రామ్‌లు లేని ఊళ్లవాళ్లు దిగులుపడక్కర్లేదు. లండన్‌లో ట్రామ్‌లను తీసేసి వాటి దారుల్లో కొన్నిచోట్ల ట్రాలీబస్సులు, అంటే పట్టాల్లేకుండా కరెంటు తీగల కింద తిరిగే బస్సులు, తెచ్చారు. 1962లో ట్రాలీబస్సులనూ సాగనంపారు, దానికీ జనం వచ్చారు. వాటి స్థానంలో వచ్చిన రూట్‌మాస్టర్ డబుల్‌డెక్కర్లు 2005 డిసెంబర్‌లో మామూలు సర్వీసు నుంచి తప్పుకున్నాయి. అప్పటికి అవి ఎవరిని వెళ్లగొట్టి వచ్చాయో అందరూ మర్చిపోయారు. చివరి రోజున రోడ్లు కెమెరాలతో నిండిపోయాయి. ఈ వరస చూస్తే, ఇప్పుడు మీ వీధి చివర పొగ చిమ్ముతూ, గేరు మారినప్పుడల్లా కిటికీ అద్దాలు గడగడలాడిస్తూ పోయే బస్సుకు ఎంతో కాలం లేదు. ఇప్పుడే వెళ్లి నంబరు రాసిపెట్టుకోండి. ఎక్కనక్కర్లేదు.