అవుట్‌పుట్ వచ్చిందా?

తెలుగు రాష్ట్రాల్లో బీటెక్ సీఎస్‌ఈ చదివి, ఇప్పుడు ముప్పై దాటినవాళ్లను ఎవర్నైనా అడగండి. వెబ్ టెక్నాలజీస్ ల్యాబ్ అనగానే వాళ్లకు ఆన్‌లైన్ పుస్తకాల షాపు గుర్తొస్తుంది. పేజీని మూడు ఫ్రేములుగా చెయ్యాలి. పై ఫ్రేములో లోగో, కాలేజీ పేరు, హోమ్, లాగిన్, రిజిస్ట్రేషన్, కేటలాగ్ లింకులు. ఎడమ ఫ్రేములో బ్రాంచీల పేర్లు. సీఎస్‌ఈ మీద నొక్కితే కుడి ఫ్రేములో ఆ పుస్తకాల పట్టిక రావాలి, ధరలు డాలర్లలో. జేఎన్టీయూ ల్యాబ్ మాన్యువల్ పుణ్యమా అని ఎన్నో కాలేజీల్లో, ఏళ్ల తరబడి, బ్యాచి వెనక బ్యాచి ఈ ఒక్క షాపే కట్టుకుంటూ వచ్చింది.

ఆ షాపులో రిజిస్టర్ చేసుకోవాలంటే ఒక షరతుంది. పేరులో అక్షరాలు తప్ప ఇంకేమీ ఉండకూడదు, ఆ అక్షరాలు ఆరుకు తగ్గకూడదు. ఇంగ్లిష్‌లో రాస్తే రవికి నాలుగే. రాధకు, లతకు మామూలుగా రాస్తే ఐదుకు మించవు. వీళ్లెవరికీ మన షాపులో అకౌంటు రాదు. ఇంటిపేరు ఇనీషియల్ తగిలించి చుక్క పెడితే ఆ చుక్క అక్షరం కాదు. పేరు తెలుగులో రాస్తే మేం రాసిన ప్రోగ్రాం దృష్టిలో అవి అసలు అక్షరాలే కావు. నేనూ ఆ ప్రోగ్రాం రాశాను. మా బ్యాచిలో రవిలు ఇద్దరు, వాళ్లూ రాశారు. టెస్ట్ చెయ్యడానికి సొంత పేరు కొట్టారు, ఎర్రర్ వచ్చింది, చివర కుమార్ అని కలిపి మళ్లీ కొట్టారు. షరతే తప్పేమో అని వాళ్లకు తోచలేదు, నాకు తోచలేదు, మేడమ్‌కూ తోచలేదు. “అవుట్‌పుట్ వచ్చిందా?” అన్నారు. వచ్చింది. అబ్జర్వేషన్ బుక్కులో సంతకం పడింది.

మన కాలేజీలు వెబ్ డిజైన్ ఎలా నేర్పుతున్నాయి అని ఎవరైనా అడిగితే, నా జవాబు చాలావరకు ఆ ఆరక్షరాల్లోనే ఉంది.

ఈ చర్చ ఎక్కడ మొదలైనా ముందు సిలబస్ మీదకే పోతారు, పాతదని. నిజమే, మొన్నటిదాకా చాలా పాతది. పేజీలో ఏది శీర్షిక, ఏది జాబితా, ఏది బటన్ అన్నది హెచ్‌టీఎంఎల్ చెప్పాలి, అది కంటికి ఎలా కనపడాలన్నది సీఎస్‌ఎస్ చూసుకోవాలి. ఈ పని పంపకం ఇప్పటిది కాదు, సీఎస్‌ఎస్ మొదటి ప్రమాణం 1996 డిసెంబరులోనే వచ్చింది. 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణమైనప్పుడు ఫ్రేములకు కాలం చెల్లిందని తేల్చేశారు. 2017 మార్చిలో, ఆ ఒక్క నెలలోనే, ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ మూడూ సీఎస్‌ఎస్ గ్రిడ్‌ను తెచ్చేశాయి. పేజీని గళ్లుగా పేర్చడానికి పట్టికలతో, ఫ్రేములతో పడిన పాట్లన్నీ దాంతో తీరిపోవాలి. మరుసటి ఏడు వచ్చిన జేఎన్టీయూ హైదరాబాద్ ఆర్-18 సిలబస్ తీసి చూడండి. జాబితాలు, పట్టికలు, బొమ్మలు, ఫారాలు, వాటి వెనకే ఫ్రేములు! సీఎస్‌ఎస్‌కు దక్కింది ఒక్క ముక్క, దాని పేరు. అక్కణ్నుంచి నేరుగా, డేటా రాసుకునే ఎక్స్‌ఎంఎల్‌లోకి వెళ్లిపోయారు.

తర్వాతి ఆర్-22 మాత్రం నన్ను ఆశ్చర్యపరిచింది. అందులో వెబ్‌సైట్లు కట్టే పనిముట్లైన నోడ్ జేఎస్, రియాక్ట్, జాంగో పేర్లతో ఒక స్కిల్ డెవలప్‌మెంట్ కోర్సు పెట్టారు. మొదటి ప్రయోగమే సీఎస్‌ఎస్‌లో పేజీని పేర్చే ఫ్లెక్స్, గ్రిడ్ వాడి షాపింగ్ కార్ట్ పేజీలు కట్టడం. ఫోనులో తెరిచినా, కంప్యూటర్‌లో తెరిచినా పేజీ సర్దుకోవాలి. ఫ్రేములు పోయాయి. మన పాత పుస్తకాల షాపుకు ఇన్నాళ్లకు రంగులు వేశారన్నమాట. రాసిన కమిటీని మెచ్చుకోవాల్సిందే. అయితే రెండో ప్రయోగం, అదే పనిని బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ సీఎస్‌ఎస్ మూటతో చెయ్యమంటుంది. రెడీమేడ్ క్లాసుల పేర్లు అంటిస్తే పేజీ దానంతటదే సర్దుకుంటుంటే, గ్రిడ్‌తో కుస్తీ పట్టే కుర్రాళ్లు ఎంతమంది? ఆ వెంటనే జావాస్క్రిప్ట్‌లో కొత్త సంగతులు, సర్వర్, రియాక్ట్ తోసుకొస్తాయి. హెచ్‌టీఎంఎల్ దగ్గర ఆగి నిలబడే టైమ్ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అయినా సిలబస్‌ను నేను పెద్దగా తప్పుపట్టను. చిక్కంతా మార్కుల దగ్గరుంది. ల్యాబ్ రికార్డు ఎలా ఉంటుందో తెలుసుగా. కుడివైపు గీతల పేజీలో కోడ్ చేత్తో రాయాలి. ఎడమవైపు తెల్ల పేజీలో అవుట్‌పుట్ ప్రింటు తీసి అంటించాలి. ఎక్స్‌టర్నల్ వచ్చినాయన పేజీలు తిప్పి, వైవాలో గెట్‌కు, పోస్ట్‌కు తేడా అడిగి, టీ తాగి వెళ్తారు. ఇక్కడ ఆలోచించాల్సింది ఆ అంటించిన ప్రింటు గురించి. బటన్ ట్యాగుతో చేసిన బటన్, ఉత్త డివ్‌కు, అంటే సొంత అర్థమేదీ లేని డబ్బాకు, రంగు పూసి బటన్‌లా తయారుచేసినది, రెండూ ప్రింటులో అచ్చు ఒకేలా ఉంటాయి. బొమ్మకు వివరణ రాశారో లేదో ప్రింటులో తెలియదు. ఫారంలో గడి పక్కనున్న పేరు నిజంగా ఆ గడికి ముడిపడి ఉందో, ఊరికే పక్కన కూర్చుందో తెలియదు. వెబ్ ప్రమాణాలు పట్టించుకునేవి చాలావరకు ప్రింటుకు ఎక్కని సంగతులే. కాబట్టి వాటికి మార్కుల్లేవు. మార్కుల్లేనిదాన్ని మన పిల్లలు చదవరు. అది వాళ్ల తప్పని నేననుకోను.

ఈ మధ్య ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఒక అలవాటు చేసుకున్నాను. అభ్యర్థి తన ప్రాజెక్టు తెరిచి, రియాక్ట్‌లో చేశానని చెప్పి, రెండు నిమిషాలు చూపించాక మౌస్ తీసి పక్కన పెట్టమంటాను. కిందటి నెల ఒక అమ్మాయి వచ్చింది. పేజీ చక్కగా ఉంది. “ట్యాబ్ కొడుతూ ఆర్డర్ బటన్ దాకా వెళ్లమ్మా” అన్నాను. కొట్టింది. సెర్చ్ గడి దగ్గర ఆగింది, అక్కణ్నుంచి ఎగిరి పేజీ అడుగున ఫేస్‌బుక్ లింకు మీద పడింది. మళ్లీ మొదట్నుంచి కొట్టింది. ఆర్డర్ బటన్ అసలు దారిలోనే లేదు. “క్లిక్ చేస్తే పనిచేస్తుంది సార్” అంది, గొంతులో కొంచెం టెన్షన్. కోడ్ చూస్తే అది డివ్. బటన్ ట్యాగు వాడి ఉంటే ట్యాబ్‌కు దొరికేది, ఎంటర్‌కు పలికేది, చూపు లేనివాళ్లకు తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కు బటన్ అని తెలిసేది. ఇవన్నీ బ్రౌజర్ ఊరికే ఇస్తుంది. నాలుగేళ్లలో ఆ మాట చెప్పినవాళ్లే లేరని ఆ అమ్మాయే అంది. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు కూడా చేసిందట, అక్కడా లేరు. ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐలు ఉన్నాయి కదా అంటారు. అడిగితే అవి బటన్ ట్యాగుతోనే రాసిస్తాయి. అడగాలని తెలియాలి కదా.

తెలుగు పేజీల సంగతికొస్తే ఇంకా కష్టం. మన విద్యార్థులు పాఠంలో కట్టే పేజీలు ఇంగ్లిష్‌లో, బయటికొచ్చాక కట్టాల్సినవాటిలో కొన్నైనా తెలుగులో. ఫారంలో ‘రాష్ట్రం’ అని రాయండి. ష కింద ట, దానికి ర, ఒత్తు మీద ఒత్తు. ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి కుట్టిన గడిలో పెడితే కింది ఒత్తు సగానికి తెగిపోతుంది. గడి ఎత్తును పిక్సెళ్లలో బిగించకుండా, లైన్ హైట్, అంటే వరస ఎత్తు, కాస్త వదులుగా ఇస్తే పోయేదానికి, తెలుగు ఫాంట్లే బాగోవని తిడుతుంటారు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, ఎన్టీఆర్, పొన్నాల లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. పేజీ మొదట్లో భాష ‘టీఈ’ అని, అంటే తెలుగని, చెప్పకపోతే స్క్రీన్ రీడర్ మన మాటల్ని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి నానా కంగాళీ చేస్తుంది. రెండక్షరాల పని. హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో కూర్చుని చెప్పే పాఠంలో ఇది లేకపోతే ఇంకెక్కడుంటుంది?

ఇది మనకే పట్టిన జబ్బని అనుకోవద్దు. అమెరికాలో వెబ్‌ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోమ్ పేజీలను జల్లెడ పడుతుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. మళ్లీ మళ్లీ దొరికేవి అవే: వెలిసిపోయినట్టుండే అక్షరాల రంగు, వివరణ లేని బొమ్మలు, పేరు ముడిపడని ఫారం గడులు. మొదటి ఏడాది విద్యార్థికి ఒక మధ్యాహ్నంలో నేర్పగలిగినవే.

మన దగ్గర కాలేజీల కంటే కోర్టు ముందు నడిచింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే డిజిటల్ సేవలు వాళ్లకు అందుబాటులో ఉండాలని ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనంది. కోర్టుకెక్కినవాళ్లలో యాసిడ్ దాడి బాధితులున్నారు. బ్యాంకు కేవైసీలో మనిషి బతికున్నాడని రుజువుకు కెమెరా ముందు కళ్లు ఆర్పమన్నారు. రెప్పలు కాలిపోయినవాళ్లు ఏం ఆర్పుతారు? ఆ తెర డిజైన్ చేసినవాళ్లూ ఏదో ఒక కాలేజీలో అవుట్‌పుట్ చూపించి పాసైనవాళ్లే. రవి పేరుకు ఆరక్షరాలు కావాలన్న షరతుకు, ఈ షరతుకు చుట్టరికం దగ్గరిదే.

లెక్చరర్లను తిట్టడం తేలిక. ఒక సెమిస్టర్‌లో కంపైలర్ డిజైన్, ఇంకో సెమిస్టర్‌లో వెబ్ టెక్నాలజీస్, మధ్యలో అడ్మిషన్ల డ్యూటీ, అక్రెడిటేషన్ ఫైళ్లు. వాళ్లలో చాలామంది మేం కట్టిన పుస్తకాల షాపే కట్టి వచ్చినవాళ్లు. అందుకే నేనడిగేది కొత్త సబ్జెక్టు కాదు, ల్యాబ్ పరీక్షలో పది మార్కులు. పేజీని ఎక్స్‌టర్నల్ తన ఫోనులో తెరవాలి. మౌస్ లేకుండా నడపాలి. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ సంస్థ తప్పులు పట్టడానికి పెట్టిన వాలిడేటర్‌లో పెట్టి తప్పులు లెక్కపెట్టాలి, అది ఉచితం. పావుగంట పని. ఆ ఎడమవైపు ప్రింటు మానేస్తే కాలేజీకి కాగితం ఖర్చు కూడా మిగులుతుంది.

నాకు తెలిసిన లెక్చరర్ ఒకావిడ ఇంటర్నల్స్‌లో ఇది చేసి చూశారు. ల్యాబులో మౌసులన్నీ పీకించి, ఒకరి పేజీ ఇంకొకరు నడపాలన్నారు. మొదటి పది నిమిషాలు ఒకటే గోల. ఆ తర్వాత వెనక వరసలోంచి ఒక అబ్బాయి, “మేడమ్, వీడి పేజీలో ట్యాబ్ కొడుతుంటే ఎక్కడున్నానో కనపడట్లేదు” అని అరిచాడు. పేజీ కట్టినవాడు లేచొచ్చి చూసుకున్నాడు. ఎంచుకున్న చోట చుట్టూ రావాల్సిన గీత రాకుండా, అందంగా లేదని, సీఎస్‌ఎస్‌లో ఒక లైనుతో తనే ఆపేశాడు. ఆ లైను ఎక్కణ్నుంచి కాపీ కొట్టాడో గుర్తులేదు. తీసేసి, కుర్చీలో కూర్చున్నవాణ్ని మళ్లీ కొట్టమన్నాడు.