ఒక ముద్దు, నాలుగు టెస్టులు

తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పదకొండేళ్లుగా రక్తం తీస్తున్నాను. ఈ మధ్య మాకు ఒక రకం పేషెంట్లు ఎక్కువయ్యారు. మిట్టమధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా తిరగని టైం చూసుకుని వస్తారు. మాస్కు ఉంటుంది, హెల్మెట్ తీయరు. పేరు అడిగితే కాస్త ఆలోచించి చెప్తారు. సొంత పేరు చెప్పడానికి ఎవడైనా ఆలోచిస్తాడా?

అలాంటి అబ్బాయి ఒకడు (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను) రెండు నెలల్లో ఐదుసార్లు వచ్చాడు. ఇంతకీ జరిగింది ఒక ముద్దు. అంతే. "అన్నా, నాకు హెచ్ఐవీ వచ్చుంటుందా?" రాదు నాయనా. ఎంగిలితో రాదు, కౌగిలించుకుంటే రాదు, బాత్‌రూమ్‌తో రాదు, దోమతో రాదు. నీకసలు టెస్టే అక్కర్లేదు. చెప్తున్నంతసేపూ తల ఊపుతాడు. పది రోజులకు మళ్లీ వచ్చి చెయ్యి చాపుతాడు.

ఫోన్ టార్చి వేసుకుని నాలుక చూసుకుంటాడట. తెల్లపూత ఉందంటాడు. పొద్దున్నే పళ్లు తోమకముందు ఎవరి నాలుక ఎర్రగా ఉంటుంది? దవడ కింద బిళ్ళ కట్టిందని చూపించాడు. నొక్కి నొక్కి అక్కడ చర్మం కమిలిపోయింది. తిండి మానేసి నాలుగు కిలోలు తగ్గాడు, ఆ తగ్గడం చూసి మళ్లీ భయం. ఇదే మనిషి మా ల్యాబ్‌కు తప్ప ఇంకెక్కడికీ హెల్మెట్ పెట్టుకోడు. ఘాట్ రోడ్డు మీద వట్టి తలతో పోతాడు, దానికి భయం లేదు! వీడిది రోగభయం కాదని నాకు అప్పుడే అర్థమైంది. తప్పు చేశానన్న భయం. దానికి ఏ కిట్టూ నెగెటివ్ చూపించదు.

నాకు మండేది వీళ్ల మీద కాదు, వీళ్లకు సుఖవ్యాధుల టెస్టులన్నీ కలిపి 'ఫుల్ ప్యాకేజీ' అని అమ్మేవాళ్ల మీద. నాలుగోసారి వీడు ఇంకోచోట వేలు పోసి చేయించుకున్నాడు. అందులో హెర్పిస్ యాంటీబాడీ (ఆ వైరస్ ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందనే గుర్తు) పాజిటివ్. నా కుర్చీలో కూర్చుని ఏడ్చాడు. 50 ఏళ్లలోపు వాళ్లలో నూటికి 64 మందికి హెచ్ఎస్‌వీ-1 (పెదవుల మీద పుండ్లు తెచ్చే హెర్పిస్ వైరస్) ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చాలామందికి చిన్నప్పుడే, ఇంట్లోవాళ్లు ముద్దులు పెట్టుకుంటే వస్తుంది. పుండు లేనివాళ్లకు ఆ టెస్టు అక్కర్లేదు. ఆ ముక్క రిపోర్టులో ఎవరూ రాయరు, పాజిటివ్ మాత్రం లావు అక్షరాల్లో కొడతారు.

ఐదోసారి వచ్చినప్పుడు హెల్మెట్ తీశాడు. నున్నటి గుండు. నెగెటివ్ వస్తే తల నీలాలిస్తానని మొక్కుకున్నాడట, కొండెక్కి ఇచ్చేశాడట. మరి ఇంకేం? "కళ్యాణకట్టలో కొంచెం గీసుకుందన్నా. సగం బ్లేడే ఇచ్చారు. మిగతా సగం ఎవరికి వాడుంటారు?" ఆ సగం కూడా కొత్తదే సామీ, ఇంకో భక్తుడికి! నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఆ రోజు నేను రక్తం తీయలేదు. డబ్బు వదులుకున్నానని మా ఓనర్ రెండ్రోజులు మాట్లాడలేదు, అది వేరే సంగతి.

నిజంగా రిస్కు ఉన్నవాళ్లు మాత్రం దీన్ని చదివి ధైర్యంగా కూర్చోవద్దు. కండోమ్ చిరిగినా, అసలు వాడకపోయినా 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రికి పరిగెత్తండి. అవసరమని డాక్టర్ అనుకుంటే హెచ్ఐవీ రాకుండా 28 రోజులు మందులిస్తారు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. ఆ గడువు దాటిపోతే నాలుగో తరం టెస్టు (యాంటీబాడీతో పాటు వైరస్ ముక్కను కూడా పట్టేది) 45 రోజులకు, మామూలు ర్యాపిడ్ టెస్టు మూడు నెలలకు చేయించుకోండి. ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ కౌన్సెలింగ్, టెస్టు కేంద్రం) టెస్టు ఉచితం, కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. మీ అనుమతి లేకుండా టెస్టు చేయడానికి, మీ వివరాలు బయటపెట్టడానికి 2017 హెచ్ఐవీ చట్టం ఒప్పుకోదు. ఫోన్‌లో అడగాలంటే ప్రభుత్వ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ఉంది.

వీడిని మాత్రం సైకియాట్రీ ఓపీకి నేనే తీసుకెళ్లాను. "నాకేం పిచ్చా అన్నా?" అని గేటు దగ్గర ఆగిపోయాడు. పిచ్చి కాదురా, నిద్ర లేదు కదా, నిద్రకే అనుకో అన్నాను. హెల్మెట్ పెట్టుకునే లైన్లో నిలబడ్డాడు. కౌంటర్లో ఆమె ముఖం చూపించమని రెండుసార్లు అరిచాక తీశాడు.

మొన్న వాళ్లమ్మ షుగర్ టెస్టుకని వచ్చాడు. ఈసారి పేరు తడుముకోకుండా చెప్పాడు. జుట్టు అంగుళం పెరిగింది.