తూటా ఏ పద్దు కింద?

కాల్చేసిన తూటా తాలూకు ఖాళీ ఇత్తడి గొట్టాన్ని ఏరి తెచ్చి, తోమి, ఉబ్బిన ఒంటిని మళ్ళీ కొలతకు తెచ్చి, మందుకు నిప్పు అంటించే ప్రైమరు అనే చిన్న మూతను కొత్తది అమర్చి, తుపాకీ మందు తూచి పోసి, పైన గుండు బిగించి, మరోసారి కాల్చడానికి సిద్ధం చేసుకోవడాన్ని అమెరికాలో రీలోడింగ్ అంటారు. ఇది చాకిరీయా, సరదాయా అన్న ప్రశ్న ఆ దేశపు గ్యారేజీల్లో ఎంతో కాలంగా నలుగుతున్నది. రాజ్యాంగ సవరణల మీద బల్ల గుద్ది వాదించే పెద్దమనుషులు కూడా ఈ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గించి, వంటింటి వైపు ఒకసారి చూసి గానీ నోరు విప్పరు కనుక, దీని గాంభీర్యాన్ని పాఠకులు సులభంగానే ఊహించగలరు.

నాకు ఈ ప్రశ్న బంధుత్వం మీదుగా సంక్రమించింది. మా తోడల్లుడు డల్లాస్ శివార్లలో ఉంటాడు. గ్రీన్‌కార్డు చేతికి వచ్చిన ఏడాది ఒక రైఫిలూ, ఆ మరుసటి ఏడాది గ్యారేజీలో బల్లకు బిగించుకునే ఒక రీలోడింగ్ ప్రెస్సూ కొన్నాడు. (ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, అక్కడ ఒక్క తూటా దగ్గర ఉంచుకున్నా నేరమే. ఆ వీసా కాలమంతా మావాడు క్యారమ్స్ ఆడాడు.) కిందటి వేసవిలో నేను వాళ్ళింట్లో ఉండగా, ఒక శనివారం ఉదయం, ముందు వాకిట్లో గడ్డి మోకాలి దాకా పెరిగిందని మా మరదలు కేక వేస్తే, గ్యారేజీలో నుంచి "పనిలో ఉన్నాను" అన్న సమాధానం వచ్చింది. అదే రోజు సాయంత్రం క్రెడిట్ కార్డు బిల్లు చూసి "ఈ నూట ఎనభై డాలర్లు ఏమిటండీ?" అని ఆవిడ అడిగితే, "మనిషన్నాక ఒక సరదా ఉండొద్దా?" అన్న సమాధానం వచ్చింది. ఉదయం చాకిరీ పద్దులో ఉన్నది సాయంత్రానికి సరదా పద్దులోకి ఎలా మారిందో తేల్చమని ఆవిడ నన్నే అడిగింది. "బావగారూ, మీరు లెక్కల మనిషి కదా, మీరే చెప్పండి" అన్నది.

ముందుగా చాకిరీ పక్షాన్ని విచారిద్దాం. కాల్పుల మైదానంలో మావాడు కాల్చిన సమయం కంటే నడుము వంచి గొట్టాలు ఏరుకున్న సమయమే ఎక్కువ. కోతలయ్యాక చేలో పరిగె ఏరుకునే వారిని చూసినవారికి ఆ దృశ్యం కొత్త కాదు. కాకపోతే ఇక్కడ పరిగె ఏరుకునేవాడే ఆసామి కూడా. అందులోనూ తరతమ భేదాలున్నాయి. పాయింట్ ట్వంటీటూ అనే చిన్న తూటా గొట్టాన్ని ఎవరూ ముట్టరు, ఎందుకంటే దాని మందు పేలడానికి కావలసిన నిప్పు దినుసు అడుగు అంచులోనే ఒదిగి ఉంటుంది గనుక దాన్ని మళ్ళీ నింపడం కుదరదు. ఇనుప గొట్టాన్ని అయస్కాంతంతో పట్టి పక్కన పడేస్తారు. మిగిలిన ఇత్తడి, అంటే నూటికి 70 వంతులు రాగి, 30 వంతులు తుత్తునాగం కలిసిన మేలి సరుకు, సంచిలోకి చేరుతుంది. ఇంటికి చేరాక దాన్ని మొక్కజొన్న కండె పొడిలోనో, అక్రోటు పెంకుల రవ్వలోనో గంటల తరబడి తిప్పి మెరిపించాలి. తన పెళ్ళినాటి ఇత్తడి బిందెను చింతపండుతో ఒక్కసారైనా తోమిన పాపాన పోని మనిషి, మూడు వందల ఇత్తడి గొట్టాలను అద్దాల్లా తోమి వరుసగా నిలబెట్టడం చూసి మా మరదలు మొదట ఆనందించింది. తరువాత ఆలోచించింది.

ఆ పైన గొట్టాన్ని నూనె రాసి డై అనే గట్టి అచ్చులో నొక్కాలి, పొడవు పెరిగితే కోయాలి, ప్రైమరు కూర్చునే గుంటలో మసి గీకాలి. ఒక్కొక్క గొట్టానికి ఒక్కొక్క పనికీ విడిగా పిడి లాగాల్సిన సాదా ప్రెస్సు మీద ఇదంతా చేయడం విసుగు పుట్టిస్తుందని, లాగిన ప్రతిసారీ ఒక పూర్తయిన తూటా రాలే ప్రోగ్రెసివ్ ప్రెస్సులు వచ్చాయి. వాటి మీద చేయి తిరిగినవాడు గంటకు నాలుగైదు వందల తూటాలు చేయగలడు. చాకిరీని తొందరగా వదిలించుకోవడానికి అంత డబ్బు పోసి యంత్రం కొన్నవాడు, మిగిలిన సమయాన్ని మరిన్ని తూటాలు చేయడానికే వాడతాడన్నది గమనించదగ్గ విషయం.

సరదా పక్షం వారు చరిత్రను సాక్ష్యానికి పిలుస్తారు, కానీ ఆ సాక్షి రెండు వైపులా మాట్లాడుతుంది. 1870ల నాటి బైసన్ వేటగాళ్ళు మైదానాల్లో రాత్రి మంట దగ్గర కూర్చుని తూటాలు నింపుకున్నారు. ఊరు దూరం, దుకాణం ఇంకా దూరం కనుక అది నిక్కమైన చాకిరీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తూటాలు దొరకనప్పుడు, 1943లో, కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన తన తండ్రి లాండ్రీ వెనక గదిలో చిన్న గుండ్లు తయారుచేసే డైలు చేశాడు. బొరియల్లో ఉండే రాక్ చక్ అనే జంతువును కొట్టడానికి పనికొచ్చేవి గనుక ఆ జంతువు పేరే కలిపి, రాక్ చక్ బుల్లెట్ స్వేజ్, పొట్టిగా ఆర్‌సీబీఎస్, అన్న సంస్థ పెట్టాడు. ముందు గదిలో జనం మురికి బట్టలు ఉతికే చాకిరీ, వెనక గదిలో ఒక దేశానికంతటికీ సరదా; మధ్యన ఒక్క గోడ. యుద్ధమయ్యాక కాన్సాస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ అనే గ్యాస్ పొయ్యిల విక్రేత సైన్యం వదిలించుకుంటున్న తుపాకీ మందును టోకున కొన్నాడు. డబ్బు ఎక్కడిదంటే, జీవిత బీమా పాలసీ మీద అప్పు. బీమా పత్రాన్ని తాకట్టు పెట్టి తుపాకీ మందు ఇంటికి తెచ్చిన భర్తకు ఆ ఇల్లాలు ఏమని జవాబిచ్చి ఉంటుందో మన తెలుగు ఇళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. ఆయన వ్యాపారం మాత్రం నిలిచింది.

మూడో పద్దు ఒకటి ఉన్నది, దాని పేరు పొదుపు. ఒక్కొక్క తూటాకు పది సెంట్లు మిగులుతాయని మావాడు నాకు కాగితం మీద వేసి చూపించాడు. ప్రెస్సు, డైలు, తక్కెడ, తిప్పుడు యంత్రం అన్నీ కలిపి వెయ్యి డాలర్లు అయ్యాయనుకుంటే, పదివేల తూటాలు కాల్చాక గానీ పెట్టిన డబ్బు తిరిగి రాదు. కాల్చడం మొదలుపెట్టాక మునుపటి కంటే ఎక్కువ కాలుస్తాడు, కనుక నెల ఖర్చు తగ్గదు. తూటా ఒక్కంటికి అయిన ఖర్చు మాత్రం తగ్గుతుంది. "అన్నగారూ, ఎంత ఎక్కువ కాలిస్తే అంత ఎక్కువ మిగులుతుంది" అని మావాడు చెప్పినప్పుడు నేను ఆ వాక్యంలో తప్పు పట్టుకోలేకపోయాను. 2020లో మొదలైన తూటాల కరువులో ప్రైమర్లు దుకాణాల అరల నుంచి మాయమైనప్పుడు, ముందే నాలుగు పెట్టెలు దాచినవారు గాదె నిండిన రైతుల్లా తిరిగారు. అప్పటి నుంచి ఈ ఖర్చుకు ముందుచూపు అన్న నాలుగో పద్దు కూడా తెరిచారు.

అయినా ఈ వ్యవహారంలో అసలు మర్మం తూకంలో ఉన్నది. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండు బరువుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురివింద గింజ ఎత్తు దాదాపు రెండు గ్రెయిన్లకు సమానం. మావాడి తక్కెడ గ్రెయిన్‌లో పదో వంతును పడుతుంది, అంటే గురివిందలో ఇరవయ్యో వంతును. ఆ మాత్రం తేడా వచ్చినా మందు వెనక్కి పోసి మళ్ళీ తూచే మనిషి, ఉప్మాలో ఉప్పు రెండుసార్లు వేసి కూడా తెలుసుకోలేదని మా మరదలు ఫిర్యాదు. ఆ జాగ్రత్త వెర్రి కాదన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. పిస్తోలు తూటా గొట్టంలో పోసే మందు తరచు సగానికి తక్కువే ఉంటుంది కనుక పొరపాటున రెండుసార్లు పోసినా పొంగి పొర్లదు. కాల్చినప్పుడే తెలుస్తుంది, అప్పటికి తుపాకీ మిగలకపోవచ్చు. మందు పోయడం మరిచిపోతే గుండు తుపాకీ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనకే మరొకటి కాల్చితే అంతే సంగతులు. అందుచేత ఈ విద్యను నేర్పే ప్రతి పుస్తకమూ టీవీ కట్టేయమని, మధ్యలో ఎవరితోనూ మాట్లాడవద్దని హెచ్చరిస్తుంది. భార్య పిలిచినప్పుడు పలకకపోవడాన్ని అచ్చు పుస్తకమే నియమంగా విధించిన వ్యాపకం నాకు తెలిసి భూమి మీద ఇదొక్కటే. పేకాటకు ఇంతటి శాస్త్ర ప్రమాణం లేదు.

ఇంత విచారణా అయ్యాక, తీర్పు చెప్పే ముందు స్థల పరిశీలన న్యాయమనిపించి మరుసటి ఆదివారం గ్యారేజీలోకి వెళ్ళాను. మావాడు నా చేతికి ఒక చిన్న బ్రష్షూ, ఒక పళ్ళెం నిండా గొట్టాలూ ఇచ్చి, గుంటల్లో మసి గీకమన్నాడు. మర్యాదకు ఇరవై గీకుదామనుకున్నాను. నలభైయ్యో దాని దగ్గర మసి ఒక్క తిప్పుకే ఊడివచ్చే కిటుకు దొరికింది. లోపలి నుంచి "భోజనానికి రండి" అన్న పిలుపు వినబడేటప్పటికి పళ్ళెం అడుగు కనబడుతున్నది, "పనిలో ఉన్నాం" అని బదులు పలికిన గొంతు మాత్రం మా తోడల్లుడిది కాదు.

ఒక్క క్షణం నిశ్శబ్దం. తరువాత మా మరదలు తలుపు దగ్గరకు వచ్చి, "పనైతే అయ్యాకే రండి బావగారూ, గిన్నెలు ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, వేడి చేసుకుని మీరే వడ్డించుకోండి. సరదా అయితే ఇప్పుడే రండి" అన్నది.

"సరదాయే" అని ఇద్దరం ఒక్కసారే అన్నాం. కానీ మందు తెరిచి వదలకూడదు గనుక తూచినదంతా తిరిగి డబ్బాలో పోసి, మూత బిగించి, బీరువాకు తాళం వేసి, సీసం అంటిన చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వెళ్ళేసరికి బల్ల తుడిచేసి ఉన్నది.